సమభూమిమీద నిలుచు గుడారము

ధ్యానవాక్యము: కీర్తనలు 26:12
చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 9:15–23, నిర్గమకాండము 38:25–27, 2 కొరింథీయులకు 8:13–15

బాటసారి మజిలీ చేరగానే చేయవలసిన మొదటి పని నిద్రించుట కాదు. పూర్వము తెలుగు దేశములో ఎడ్లబండి కట్టుకొని దూరప్రయాణము చేయు కుటుంబము చెట్టుక్రింద దిగినప్పుడు, యజమానుడు ఎడ్లను విప్పకమునుపే చక్రమునకు రాయి అడ్డు పెట్టెడివాడు. ఇల్లాలు మూడు రాళ్లు ఏరి తెచ్చి పొయ్యి అమర్చెడిది. మూడవ రాయి పొట్టిదైనయెడల దానిక్రింద పెంకుముక్క నుంచి, కుండ ఒరగక నిలుచుచున్నదని చూచుకొనిన తరువాతనే ఎసరు పెట్టెడిది. పిల్లలు ఆకలికి ఏడ్చుచున్నను ఆ పని మానెడిది కాదు. ఏలయనగా ఒరిగిన కుండలోని అన్నము బూడిదపాలగును.

నేటి దినములలో పాశ్చాత్య దేశములయందు ఇల్లే చక్రములమీద ప్రయాణము చేయుచున్నది. దానిని మోటారు హోమ్ అందురు. పడక, పొయ్యి, నీటితొట్టి, ఆహారము చల్లగా ఉంచు పెట్టె, అన్నియు ఆ బండిలోనే యుండును. అట్టి బండి విడిది స్థలము చేరినప్పుడు అనుభవముగలవాడు వెంటనే పడక పరచుకొనడు. రసమట్టమును తీసి బండి నేలమీద నిలువుగా ఒకసారి, అడ్డముగా ఒకసారి ఉంచి చూచును. గాజుగొట్టములోని బుడగ ఏ వైపునకు పోవునో ఆ వైపు ఎత్తైనది. దాని ఎదుటి వైపు పల్లమైనది. పల్లమైన చక్రము ముందర దిమ్మలు పేర్చి బండిని మెల్లగా వాటిమీదికి ఎక్కించును. బుడగ నడిమికి వచ్చిన పిమ్మట చక్రములకు అడ్డుకట్టెలు పెట్టును. కడపట ఊతకాళ్లను దింపును. ఆ ఊతకాళ్లు బండి ఊగకుండ చేయుటకే గాని బండి బరువును ఎత్తుటకు కావు. ఇదంతయు ముగిసిన తరువాతనే తలుపు తెరచి, నీళ్లు వదలి, పొయ్యి ముట్టించును.

ఈ శ్రమ యెందుకని కొత్తవాడు అడుగవచ్చును. ఒరిగిన బండిలో తలుపు తనంతట తాను తెరచుకొనును. నీరు పోవలసిన దారిన పోదు. పండుకొనినవాడు రాత్రియంతయు ఒక ప్రక్కకు జారుచుండును. అంతకంటె పెద్ద హాని కంటికి కనబడనిది. అనేకమైన అట్టి బండ్లలో చల్లని పెట్టె యంత్రపు బలముచేత గాక వేడిమిచేత పనిచేయును. దాని గొట్టములలో అమ్మోనియా కలిసిన ద్రవము తన బరువుచేతనే పల్లమునకు ప్రవహించుచు తిరుగుచుండవలెను. బండి నడుచుచున్నంతసేపు కుదుపులవలన ఆ ద్రవము ఒకచోట నిలువదు గనుక దారిలోని వంపు అంతగా హాని చేయదు. బండి ఆగి, ఒరిగి, గంటలకొలది కదలక నిలిచినప్పుడే ద్రవము మూలలో నిలిచిపోవును. వేడిమి మాత్రము ఆగదు. లోపలి భాగము మెల్లగా చెడిపోవును. నడకలో కలుగని నష్టము విశ్రాంతిలో కలుగును.

పరదేశులును యాత్రికులునైన దేవుని జనులకు ఈ సంగతిలో గొప్ప పాఠమున్నది. ఆ పాఠమును గ్రహించుటకు పాశ్చాత్య దేశములకు పోనక్కరలేదు. గుజరాత్ రాష్ట్రములోని సూరత్ మహానగరమున డిండోలి అను పేటకు పోయిన చాలును.

డిండోలి ఒకప్పుడు గ్రామము. ఇప్పుడు పెరిగిన పట్టణములో కలిసిపోయినది. దానికి సమీపముననే లింబాయత్, ఉధ్నా పేటలున్నవి. మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన నేతపనివారు తరతరములుగా ఈ ప్రాంతములలో నివసించుచున్నారు. మరాఠీ, హిందీ, ఒడియా మాటలాడు శ్రామికులును వారి ఇరుగుపొరుగున నున్నారు. వారి పిల్లలకొరకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడిపినది. అక్కడికి చేరిన కుటుంబములలో క్రీస్తునందు విశ్వాసముంచినవారును కలరు. మోటారు హోమ్ అను మాట వారికి క్రొత్త కావచ్చును. కాని ఒక రేకుపెట్టె, ఒక చాప, ఒక బైబిలు పట్టుకొని రైలు దిగిన ప్రతివాడును నడచుచున్న గుడారమే.

మరమగ్గమును షెడ్డులో నిలుపువారికి మట్టము చూచుట బాగుగా తెలియును. నేల చదునుగా కనబడినను మగ్గము నాలుగు కాళ్లు సమముగా నుండకపోయినయెడల అది అదరును, మరలు వదులగును, పడుగు పోగులు తెగును. అట్టి చోట పాత పనివాడు కొత్తవానితో అనునది ఇదే: “కన్నును నమ్మకు తమ్మీ, రసమట్టం పెట్టి చూడు.” కొత్తవాడు అనును: “నాలుగు నెలలకు ఈ మగ్గం వేరే షెడ్డుకు పోతది గదన్నా, గింత వంకరకు ఏమైతది?” పాతవాని ఉత్తరము క్లుప్తమైనది: “నాలుగు నెలల బట్టంతా వంకరైతది.”

వలస వచ్చిన విశ్వాసి హృదయములో సాతాను పలుకు మాటయు ఆ కొత్తవాని మాటయే. ఇది మన ఊరు కాదు. రెండేండ్లు కష్టపడి పోదము. ఇక్కడ సంఘములో చేరుటయేల? ఇక్కడ కుటుంబ ప్రార్థన యేల? ఇక్కడ కొంచెము త్రాగిన ఎవరు చూతురు? ఊరికి పోయిన తరువాత సరిగా జీవింపవచ్చును. ఈలాగు రెండేండ్లు ఇరువది యేండ్లగును. పిల్లలు ఆ ఒరిగిన యింటిలోనే పెరుగుదురు. వారికి ఒరిగినదే సరియైనదిగా కనబడును. తాత్కాలికము అను మాటచేత నశించిన ఆత్మలు బహుగా నున్నవి. కావున మజిలీ చేరిన యాత్రికుడు ఏమి చేయవలెనో దేవుని వాక్యమునుండి నాలుగు సంగతులు ధ్యానింపదగును.

1. కన్నుకు బదులు మట్టమును నమ్మవలెను

ఒరిగిన గదిలో కొంతసేపు కూర్చున్నవాడు ఆ ఒరుగును మరచును. మనుష్యుని కన్ను తానున్న చోటును బట్టియే సరి వంకరలను నిర్ణయించును. మనస్సాక్షియు అట్టిదే. మొదటి దినము గుచ్చుకొనిన పాపము నెల తిరుగునప్పటికి గుచ్చుకొనదు. షెడ్డులో అందరును చేయునది తప్పుగా తోచదు. అందుచేతనే దేవుడు ఆమోసు ప్రవక్తకు మట్టపుగుండు చేతపట్టుకొని గోడయొద్ద నిలుచున్నవానిగా కనబడెను (ఆమోసు 7:7–8). ఇశ్రాయేలీయులు తమ్మును పొరుగు జనములతో పోల్చుకొని తృప్తి నొందియుండిరి. దేవుడో, వారు కట్టిన గోడను మట్టపుగుండుతోనే కొలిచెను.

కాబట్టి క్రొత్తచోట దిగిన విశ్వాసి వాక్యమును మొదట తెరవవలెను. ఇది పరదేశమునకు పోయిన దైవజనులు చేసిన పని. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను ప్రభువునందు నిద్రించిరి. వారు ఈ నేలమీద గడపినది అయిదేండ్లే. భాష నేర్చుటకే ఆ కాలము చాలదని వారు అనుకొనియుండవచ్చును. అయినను వాక్యమును తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొనిరి. డెగ్రాంజెస్ శ్రమించిన సువార్తలు అతని మరణానంతరము 1812లో సేరంపూరున అచ్చయ్యెను. అదే సొసైటీ 1815లో సూరత్‌నందు పని ఆరంభింపగా, జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అను సేవకులు బైబిలును గుజరాతీలోనికి తర్జుమా చేసిరి. డిండోలిలోని తెలుగు విశ్వాసి తన బైబిలు పట్టుకొని గుజరాతీ సహోదరుని ప్రక్కన కూర్చుండునప్పుడు, ఆ యిరువురి చేతులలోని గ్రంథముల వెనుక ఒకే సంఘము పంపిన యాత్రికుల ప్రయాస యున్నది. ఆ యాత్రికుల విడిది కొద్దికాలమైనను, వారు నిలిపిన మట్టము రెండు శతాబ్దములు దాటియు నిలిచియున్నది.

2. ఒక్క రాత్రి విడిదియైనను మందిరమును నిలుపవలెను

అరణ్యములో ఇశ్రాయేలీయుల ప్రయాణక్రమము ఆశ్చర్యకరమైనది. మేఘము లేచిన వారు బయలుదేరిరి. మేఘము నిలిచిన వారు దిగిరి. ఆ మేఘము కొన్నిసార్లు ఏడాదియంతయు నిలిచెను. కొన్నిసార్లు నెల, కొన్నిసార్లు రెండు దినములు, కొన్నిసార్లు సాయంకాలమునుండి ఉదయమువరకు మాత్రమే నిలిచెను (సంఖ్యా 9:21–22). ఒక్క రాత్రి విడిదియే గనుక మందిరమును బండ్లమీదనే యుంచుదమని ఎవరును అనుకొనుటకు చోటు లేకుండెను. గెర్షోనీయులును మెరారీయులును ముందుగా నడచుచు, పరిశుద్ధమైన వస్తువులను మోయు కహాతీయులు వచ్చులోగా మందిరము నిలువబెట్టబడునట్లు ప్రయాణము ఏర్పాటు చేయబడెను (సంఖ్యా 10:17, 21).

అబ్రాహామును లోతును చూడుము. ఇద్దరును గుడారములలో నివసించినవారే. అబ్రాహాము షెకెమునొద్ద బలిపీఠము కట్టెను. బేతేలునకు తూర్పున గుడారము వేసినప్పుడును కట్టెను. హెబ్రోనులోని మమ్రే వనమునొద్దను కట్టెను. లోతు గుడారమునొద్ద బలిపీఠము కట్టినట్లు వ్రాయబడలేదు. అతడు తన గుడారమును సొదొమ దగ్గరకు జరుపుకొనెనని మాత్రము వ్రాయబడియున్నది (ఆది 13:12). ఒరుగుట ఆ దినముననే మొదలయ్యెను. కొంతకాలమునకు లోతు సొదొమ గవినియొద్ద కూర్చుండెను. కడపట అతని అల్లుళ్లు అతని మాటను ఎగతాళిగా ఎంచిరి.

విశ్రాంతిలోనే నష్టము కలుగునను సంగతియు ఇక్కడ తలంపదగినది. సౌలు తరుముచుండగా కొండ గుహలలో తిరిగినప్పుడు దావీదు దేవునిమీద ఆనుకొనెను. రాజులు యుద్ధమునకు బయలుదేరు కాలమున అతడు యెరూషలేములో నిలిచిపోయి, సాయంకాలమున పడకమీదనుండి లేచి మిద్దెమీద నడచుచుండగా పడిపోయెను (2 సమూయేలు 11:1–2). పని వెదకుచు తిరిగిన దినములలో మోకాళ్లూనినవాడు, పని దొరికి గది కుదిరిన పిమ్మట ప్రార్థన మానుట డిండోలిలోను కలదు, హైదరాబాదులోను కలదు, అమెరికాలోను కలదు. కాబట్టి గది కుదిరిన దినమే ఇంట ప్రార్థన జరుగవలెను. మొదటి ఆదివారమే సంఘమును వెదకవలెను. అది తన స్వంత సంఘశాఖ కాకపోవచ్చును. పాటలు వేరు రాగమున పాడబడవచ్చును. అయినను సహవాసమనునది చక్రమునకు అడ్డుపెట్టిన రాయివంటిది. అది లేని బండి ఏ రాత్రి దొర్లునో ఎవరికిని తెలియదు.

3. పల్లమైన వైపును ఎత్తవలెను

బండిని సమము చేయువాడు పల్లమైన చక్రము క్రింద దిమ్మ పెట్టునే గాని, ఎత్తైన చక్రమును నిందించుచు నిలువడు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు సమానతనుగూర్చి బోధించెను. ఇతరులకు సుఖము, మీకు కష్టము కలుగవలెనని కాదు గాని, ఇప్పుడు మీకున్న సమృద్ధి వారి కొరతకును, మరియొకప్పుడు వారి సమృద్ధి మీ కొరతకును సహాయమై సమత్వము కలుగవలెనని ఆయన భావము. దానికి దృష్టాంతముగా మన్నాను చూపెను: ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు.

ఏ పట్టణములోనైనను పల్లమేదో నీరు వచ్చిన దినమున తెలియును. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడువబడిన నీటిచేత తాపీనది పొంగి సూరత్ పట్టణములో అధికభాగము మునిగెను. 2020 మార్చిలో దేశమంతట వాకిళ్లు మూయబడినప్పుడు ఆ పట్టణములోని మగ్గములు ఆగిపోయి, దినకూలితో బ్రదుకు వలసకార్మికులు కూటికిని ఊరికిని దూరమైరి. అట్టి దినములలో ఎవరు పల్లమున నున్నారో సంఘము కండ్లార చూడగలదు. కాని నీరు రాని దినములలోను పల్లములున్నవి. నేసిన బట్టను బట్టి కూలి పొందువాడు జ్వరముతో పది దినములు పండుకొనిన, ఆ నెల ఊరిలోని తల్లికి పంపవలసిన పైకము ఆగును. భర్త మరణించిన స్త్రీకి భాష తెలియని ఊరిలో అద్దె యింటి తలుపులు మూయబడును. కొత్తగా వచ్చిన బాలుడు ఎవనియొద్దనో అప్పు తెచ్చి, వడ్డీకే పనిచేయుచుండును.

ఇట్టివారిని చూచి దేవుడు మేలు చేయునని పలికి పోవుట సమము చేయుట కాదు. ఒక దిమ్మ పెట్టవలెను. జ్వరపడినవాని తల్లికి ఆ నెల పైకము పంపుట ఒక దిమ్మ. విధవరాలితో కూడ ఇంటి యజమానునియొద్దకు పోయి పూచీ నిలుచుట ఒక దిమ్మ. అప్పుపడిన బాలుని లెక్కను పెద్దలు కూర్చుండి తీర్చుట ఒక దిమ్మ. పెద్ద బండిని సహితము చిన్న చిన్న దిమ్మలే సమము చేయును. ఈ సహాయము తెలుగువారితోనే ఆగిపోకూడదు. బబులోనునకు చెరగొనిపోబడినవారికి యిర్మీయా వ్రాసిన పత్రికలో, తాము చేరిన పట్టణముయొక్క క్షేమమును కోరవలెననియు, దానికొరకు ప్రార్థింపవలెననియు ఆజ్ఞ యున్నది (యిర్మీయా 29:7). ఆ పట్టణము వారి స్వంతది కాదు. అయినను దాని క్షేమములోనే వారి క్షేమముండెను.

4. విమోచన వెండిమీద నిలువవలెను

మట్టము చూచుట, మందిరము నిలుపుట, పల్లము నెత్తుట, ఇవన్నియు మనుష్యుడు చేయవలసినవే. అయితే గుడారము దేనిమీద నిలుచును? అరణ్యపు నేల ఇసుకయు రాళ్లును గలది. పది మూరల పొడవుగల పలకలు ఆ నేలమీద నేరుగా నిలువబెట్టబడలేదు. ఒక్కొక్క పలకక్రింద రెండేసి వెండి దిమ్మలుండెను. దిమ్మలన్నియు నూరు, ఒక్కొక్క దిమ్మకు ఒక తలాంతు వెండి, అనగా 30 కిలోలకు మించిన బరువు. ఆ బరువైన సామగ్రిని మోయుటకు మెరారీయులకు నాలుగు బండ్లును ఎనిమిది ఎద్దులును ఇయ్యబడెను (సంఖ్యా 7:8). విడిది మారినను, నేల మారినను, క్రింది దిమ్మలు మారలేదు.

ఆ వెండి ఎక్కడనుండి వచ్చెను? లెక్కింపబడిన 6,03,550 మంది పురుషులు తమ ప్రాణములకు విమోచన క్రయధనముగా తలకు అరతులము చొప్పున ఇచ్చినదే ఆ వెండి (నిర్గమ 38:25–27). ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు (నిర్గమ 30:15). దేవుని సన్నిధి నిలిచిన గుడారమునకు ఆధారము మనుష్యుల నీతి కాదు, వంశము కాదు, విమోచన క్రయధనమే. దానియందు అందరును సమానులే.

క్రొత్త నిబంధన విశ్వాసికి ఆ దిమ్మలు దేనిని సూచించునో అపొస్తలుడైన పేతురు తెలిపెను. వెండి బంగారములవంటి క్షయవస్తువులచేత గాక, నిర్దోషమైన గొఱ్ఱెపిల్లవంటి క్రీస్తు అమూల్యరక్తముచేత విమోచన కలిగినది (1 పేతురు 1:18–19). షెడ్డు యజమానునికిని మగ్గము త్రిప్పువానికిని, గుజరాతీవానికిని తెలుగువానికిని, ఊరిలో పొలమున్నవానికిని ఏమియు లేనివానికిని వెల ఒక్కటే చెల్లింపబడినది. కొందరు ఊతకాళ్లతోనే బండిని ఎత్తజూతురు. ఆచారములు, కానుకలు, మంచిపేరు, ఇవి విశ్వాసి నడవడి ఊగకుండ కొంత తోడ్పడును గాని పాపభారమును ఎత్తజాలవు; ఆ భారము వాటిమీద మోపినయెడల అవి వంగిపోవును. డిండోలిలో ఇంతవరకు ఒరిగి జీవించిన తెలుగువాడు ఈ రాత్రి తన గదిలో మోకాళ్లూనిన, ఊరికి తిరిగిపోవువరకు ఆగనక్కరలేదు. క్రీస్తు రక్తము ఆ గది నేలమీదను చాలినదే.

విడిది మారుచునే యుండును. ఒక షెడ్డు మూతపడి మరియొక షెడ్డు తెరువబడును. అద్దె పెరిగి ఇల్లు మారవలసివచ్చును. పిల్లలు చదువుకొని వేరు దేశములకు పోవుదురు. ప్రతి మజిలీలోను నేల క్రొత్తది గనుక ప్రతి మజిలీలోను మట్టము చూడవలసినదే. నిన్నటి సమము నేటికి చాలదు. అయితే ఈ శ్రమకు అంతమున్నది. గుడారములలో నివసించిన అబ్రాహాము పునాదులుగల పట్టణముకొరకు ఎదురుచూచెను. దానికి శిల్పియు నిర్మాణకుడును దేవుడే (హెబ్రీ 11:9–10). ఆ పట్టణములో దిమ్మలు పేర్చనక్కరలేదు, చక్రములకు రాళ్లు పెట్టనక్కరలేదు. అంతవరకు పరదేశములలో ప్రయాసపడుచున్న ప్రతి విశ్వాసి పాదము సమభూమిమీద నిలుచును గాక. పల్లమున నున్నవానికి సంఘము చేయి అందించును గాక. యాత్రికులకు ముందుగా నడచి వారి విడుదులను సిద్ధపరచు దేవునికి క్రీస్తుయేసునందు సదాకాలము మహిమ కలుగును గాక. ఆమేన్.